గట్లు చెక్కిన ఆదివారం

20 జూలై 1999, మంగళవారం. ఉదయం ఎనిమిది గంటలు. రాత్రి వాన లేదు. హాజరు: సైటు ఇంజనీరు గారు, కాంట్రాక్టరు గారు, నేను, ఆడకూలీల మేస్త్రమ్మ, ఆమె వెనక ఏడుగురు ఆడవాళ్ళు.

ఆ రోజు డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. నా డైరీల్లో ఏ పేజీ అయినా ఇంచుమించు ఇలాగే మొదలవుతుంది. గవర్నమెంటు కాలవల పనిలో చేరిన కొత్తలో నా పై అధికారి ఒక పెద్దాయన ఉండేవాడు. ఏం జరిగిందన్నది సాయంత్రానికి ఎవరికి తోచినట్టు వాళ్ళు చెబుతారు, అక్కడ ఎవరెవరున్నారో మాత్రం ముందు రాసిపెట్టుకో అనేవాడు. అది అలవాటైపోయింది. శుభకార్యానికి వెళ్ళొచ్చినా ముందు హాజరే వేస్తానని, వంటల సంగతి పేజీ అడుగున ఎక్కడో ఉంటుందని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

అప్పటికి నేను కాలవల పని మానేసి, ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా చేరి తొమ్మిదేళ్ళయింది. రాజోలు వైపు కొబ్బరితోటల మధ్య ఒక గ్యాస్ కేంద్రం కడుతున్నారు. యంత్రాలు, గొట్టాలు కంపెనీవాళ్ళవి. మట్టి, కాంక్రీటు, కాలువలు మావి. చుట్టూ ఉన్నవి పల్లపు చేలు కాబట్టి నాలుగెకరాల మేర లారీలతో ఇసుక, గ్రావెలు తోలి నిలువెత్తు మెరక చేశాము. చదునైన మా ప్రాంతంలో ఆ మెరక దూరం నుంచే కనిపించేది. పక్క ఊళ్ళవాళ్ళు దాన్ని కొండ అనేవారు.

కొండ మీద పడిన వాన కిందికి దిగక తప్పదు. మా సైటుకున్న చిక్కంతా అదే. దిగే నీటితో పాటు మెరక మట్టి దిగుతుంది, సిమెంటు కడిగిన నీళ్ళు దిగుతాయి, ఎక్కడైనా డీజిలు చుక్క ఒలికి ఉంటే అదీ దిగుతుంది. ముందటి ఏడాది భాద్రపదంలో అలాగే దిగి కింది చేలలో మూడు మడుల వరి మొక్కల మీద వేలెడు మందాన మేట వేసింది. రైతులు కాగితం పెట్టారు. ఆ కాగితం మీదే కాలుష్యం చూసే ఆఫీసు నుంచి మనుషులు రావడం మొదలయింది. ఎండాకాలంలో ఒకసారి వచ్చి, ఏమేం చెయ్యాలో రాసి ఇచ్చి, వానాకాలంలో మళ్ళీ వస్తామని చెప్పి వెళ్ళారు. వాన నీటిని వాన పడుతున్నప్పుడే చూడాలి కదా.

వాళ్ళు చెప్పినవన్నీ చేయించాను. మెరక చుట్టూ నాలుగు వైపులా కాలువ తవ్వించాను. ఆ కాలువ వచ్చి ఒక తొట్టిలో పడుతుంది, అక్కడ మట్టి అడుక్కి దిగుతుంది. పైనీరు రెండో తొట్టిలోకి పోతుంది, అక్కడ నూనె ఏదైనా ఉంటే పైకి తేలి అడ్డగోడ దగ్గర ఆగిపోతుంది. తేరిన నీళ్ళు మాత్రం తూము గుండా పంటబోదెలోకి వెళ్ళాలి. డీజిలు పీపాలకు రేకుల పాక వేయించి, వాటి కింద ఇసుక పోయించాను. సిమెంటు బస్తాలను చెక్కల మీదికి ఎక్కించాను. పొద్దున్నే కాలువ మొదట్లో గుప్పెడు ఊక చల్లి, అది ఎక్కడా ఆగకుండా తొట్టిదాకా వస్తుందో లేదో నడుస్తూ చూసేవాణ్ణి. ఊక ఆగిన చోట కాలువకు వాలు చాలలేదని అర్థం. పనివాళ్ళు నన్ను చూసి కోళ్ళు లేకుండా ఊక చల్లుతున్నాడని చెప్పుకునేవారు.

ఆ పనివాళ్ళకు పెద్ద, మా మేస్త్రమ్మ. నలభై ఐదేళ్ళుంటాయి. భర్త పోయాడు. పక్క పేట నుంచి ఏడుగురిని వెంటబెట్టుకుని వచ్చేది. ఆమె, మరో నలుగురు చర్చికి వెళ్ళేవాళ్ళు, తక్కిన ముగ్గురు వేరే వీధివాళ్ళు. నాట్లు అయ్యాక కోతలదాకా ఆ పక్క ఊళ్ళలో ఆడవాళ్ళకు పని ఉండదు. మా సైటు వచ్చాక ఆ ఎనిమిదిమందికి రెండేళ్ళుగా పని తప్పలేదు. ఆమె పిల్లల్లో పెద్దది అమలాపురంలో టీచరు ట్రైనింగు చదువుతోంది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పేది కాదు, కానీ బస్సు పాసు ఫారం నింపమని ఏడాదికోసారి నా దగ్గరికే వచ్చేది.

ఇన్‌స్పెక్షను బుధవారం అని శుక్రవారం కబురు వచ్చింది. శనివారం మధ్యాహ్నం నాకు ముక్తేశ్వరం వెళ్ళాల్సిన పని పడింది. మా అక్కకు అమలాపురంలో కంటి ఆపరేషను చేశారు, ఇంటికి తీసుకొచ్చాక రెండు రోజులు దగ్గర ఉండేవాళ్ళు లేరు. బస్సు వేళయిపోతోంది. సంచీ భుజాన వేసుకుని గేటు దగ్గరే మేస్త్రమ్మను పిలిచి, బుధవారం పెద్దవాళ్ళు వస్తున్నారనీ, కాలువ గట్లన్నీ శుభ్రంగా ఉండాలనీ, సైటు పెళ్ళివారు దిగే ఇల్లులా కనపడాలనీ చెప్పాను. ఆమె ఆయ్ అంది. అంతకు మించి ఆ రోజు మా మధ్య మాట లేదు. డైరీలో ఆ మాటలు అలాగే ఉన్నాయి.

మంగళవారం పొద్దున్న మొదటి బస్సుకి వచ్చి గేటు దాటేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి.

మొదటి క్షణంలో, ఉన్న మాట చెప్పాలి, నాకు అందంగానే కనిపించింది. కాలువకు రెండు వైపులా గట్టు మీద గడ్డి పరక లేదు. పారతో చెక్కి, చేత్తో మెత్తి, అరుగులా నున్నగా తీర్చారు. తూము దగ్గర పదిగజాల మేర పేడతో అలికారు. అలికినదాని మీద ఆ ముగ్గురిలో ఎవరో ముగ్గు వేశారు. దాని రెండు పక్కలా క్రిస్మస్‌కి చర్చి దారికి గీసినట్టు సున్నం గీతలు గీశారు. రెండు వీధుల వేడుకా ఒకే తూము దగ్గరికి వచ్చి చేరింది.

రెండో క్షణంలో నాకు చెమట పట్టింది. ఆ గట్ల మీద తొలకరి నుంచి ఒత్తుగా అల్లుకున్న గరిక ఉండేది. మెరక మట్టిని పట్టి ఉంచింది ఆ గరికే. తొట్లు రెండూ కలిసి చేసే పని కన్నా ఎక్కువ పని అది ఒక్కతే చేసేది. అది లేకపోతే మొదటి వానకే గట్టు కరిగి కాలువలోకి వస్తుంది, పేడ అలుకుడు నీళ్ళలో కలుస్తుంది, తూములోంచి పచ్చగా, బురదగా దిగుతుంది. ఆకాశం పడమటి వైపు అప్పుడే మూసుకొస్తోంది.

వాళ్ళ తప్పని ఎలా అనను? ఆషాఢంలో నాట్లకు ముందు మా చేలలో ప్రతి రైతూ గట్లు చెక్కుతాడు. చెక్కని గట్టు కనపడితే ఆ ఇంటి మగవాడికి బద్ధకమని ఊరంతా అనుకుంటుంది. ఇంటి ముందు గడ్డి మొలిస్తే ఆ ఇంటి కోడలికి మాట వస్తుంది. పుట్టిన దగ్గర్నుంచి వాళ్ళకు తెలిసిన శుభ్రం అది. నాకు తెలిసిన శుభ్రమూ అదే, ఉద్యోగం నేర్పిన ఒక్క గరిక సంగతి తప్ప. ఆ ఒక్క సంగతీ శనివారం బస్సు తొందరలో చెప్పలేదు.

ఎనిమిదింటికి ఇంజనీరు గారు, కాంట్రాక్టరు గారు జీపు దిగారు. ఇంజనీరు గారు అనంతపురం జిల్లా మనిషి. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. చెరువు నిండితే పండగ చేసుకునే చోటి నుంచి నీళ్ళను బయటికి పంపడమే పనిగా ఉన్న చోటికి వచ్చాడు పాపం. ఎండాకాలంలో ఆఫీసువాళ్ళు రాసిచ్చిన కాగితం ఆయన చొక్కా జేబులోనే ఉండేది. గట్టు చూసి ఆయన గొంతు పెంచలేదు. ఆ గడ్డి తియ్యమని ఎవరు చెప్పారని మాత్రం అడిగాడు.

నేను నోరు తెరవాలి. తెరవలేదు. కాంట్రాక్టరు గారి వైపు చూశాను. ఆయన అప్పటికే ఎర్రబడి ఉన్నాడు. ఆ ఒక్క ఊపిరి ఆలస్యంలో మేస్త్రమ్మ ముందుకు వచ్చింది.

"మేమేనండి. బాగుంటదని చెక్కేము."

"ఎవరూ చెప్పకుండానే?"

"ఆయ్. ఆదివారం ప్రార్థన అయ్యాక వచ్చేమండి."

ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను మాట్లాడేవాణ్ణేమో. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ 'ఏమో' దగ్గరే ఆగిపోతాను.

కాంట్రాక్టరు గారిది కొత్తపేట వైపు వ్యవసాయ కుటుంబం. మనసు చెడ్డది కాదు, నోరు మాత్రం ఆగదు. "రేపు వాళ్ళ కాగితం మీద ఈ గట్టు గురించి తప్పు పడిందంటే ఈ ముఠాకి సోమవారం నుంచి పని లేదు. మిషను తెప్పించేస్తాను. అది ముగ్గులెయ్యదు," అన్నాడు. ముగ్గు వేసిన పిల్ల కాలి వేలితో దాన్ని చెరపబోయి మళ్ళీ ఆగిపోయింది.

జీపు వెళ్ళాక నేను మేస్త్రమ్మ దగ్గరికి వెళ్ళి, శనివారం చెప్పింది నేనే కదమ్మా, అలా ఎందుకన్నావు అన్నాను. ఆమె, గడ్డి తీస్తే ఏమయిందండి అని అడిగింది. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

గేటు మూల పొదలో రెండు జానల గరిక మిగిలింది. చెంబుతో నీళ్ళు తెచ్చి ముందు దాని మీద పోశాను. నీళ్ళు గడ్డిలో తచ్చాడి, కిందికి వచ్చేసరికి తేటగానే ఉన్నాయి. మరో చెంబు నున్నగా తీర్చిన గట్టు మీద పోశాను. వేలంత దారి చేసుకుని ఎర్రగా దిగాయి. ఆమె వంగి ఆ దారిని వేలితో కొలిచింది.

"అంటే మీ గట్టుకి గడ్డే చీరన్నమాట. మేము వొలిచేసేము."

"అంతే."

"ఈ చెంబు నీళ్ళేవో శనివారమే పొయ్యకపోయేరా సూపరైజరు గారండి."

అందులో కోపం లేదు. నాకది కోపం కన్నా ఎక్కువగా తగిలింది. ఇంజనీరు గారు తిరిగి వచ్చాక ఉన్నది చెప్పేస్తానన్నాను. ఆమె తట్ట ఎత్తి నడుముకు ఆనించుకుని, ముందు గట్టు సంగతి చూద్దాం రండి, మబ్బు మన మాటలు అయ్యేదాకా ఆగదు అంది.

ఏం చెయ్యాలన్నది ఇద్దరం నిలబడి ఆలోచించాము. కాయలు వలిచిన కొబ్బరి డొక్కలు పరిస్తే మట్టి ఆగుతుందని ఆమె అంది. చుట్టుపక్కల తోటల్లో డొక్కలకు లోటు లేదు. కానీ డొక్క నానితే నీళ్ళు టీ రంగుకు తిరుగుతాయి. తూములోంచి ఆ రంగు దిగితే చూసేవాళ్ళు దాన్ని ఏ రసాయనం అనుకుంటారో. వద్దన్నాను. గోనెసంచులు పరుద్దామంటే నాలుగు వైపుల గట్టుకు సరిపడా సంచులు రాజోలులో కూడా దొరకవు.

అప్పుడు ఆమె, కాలవకి గండి పడినప్పుడు మీ గవర్నమెంటోళ్ళు గడ్డి పెళ్ళలు కోసుకొచ్చి పేరుస్తారు కదండి, అలా చెయ్యకూడదా అంది. నేను పదహారేళ్ళు చేసిన పని అది. నాకు తట్టలేదు. మట్టితో, వేళ్ళతో సహా గడ్డిని పలకల్లా కోసి తెచ్చి పరిస్తే అది ఆ పూటకే మట్టిని పట్టుకుంటుంది, నాలుగైదు వానలకు వేళ్ళు దిగుతాయి. కానీ ఆషాఢంలో అందరి గట్లూ చెక్కేసి ఉన్నాయి. అంత గరిక ఎక్కడుంది?

ఆమె కౌలు చేసే అరెకరం చేను మా సైటుకు ఫర్లాంగు దూరంలో ఉంది. చేనుకీ పక్క కొబ్బరితోటకీ మధ్య బండి నడిచేంత వెడల్పు గట్టు. ఆ గట్టును మాత్రం ఆమె చెక్కనివ్వదు. గేదె ఉంది. వానాకాలమంతా దానికి పచ్చిమేత ఆ గట్టే.

"గేదెకో?" అన్నాను.

"ఎండుగడ్డి తింటదండి. రెండు రోజులు నామీద అలుగుతది, అంతే. దానికి నేను చెప్పుకుంటాను."

పాలు తగ్గుతాయన్న సంగతి ఆమె అనలేదు, నేనూ అనలేదు. ఇద్దరికీ తెలుసు.

తొమ్మిదిన్నరకు మొదలుపెట్టాము. నలుగురు ఆమె చేను దగ్గర పారలతో గడ్డిని పలకలుగా కోశారు. ఇద్దరు తట్టల్లో మోశారు. ఇద్దరు సైటులో పేడ అలుకుడు గీకి, గీకినదంతా బస్తాల్లోకి ఎత్తారు. తొట్లలో ఉన్న నీళ్ళు తోడించి కొత్త నీళ్ళు పట్టించాను. కాలువలో పడిన మట్టి నేనే దిగి ఎత్తాను. ఆ వయసులో నడుము వంచి తట్ట నింపడం నాకు అలవాటు తప్పింది. పని అలా చెయ్యరని, మీరు పైకెక్కి హాజరేసుకోండని ఆడవాళ్ళలో ఒకామె అంటే అందరూ నవ్వారు. పొద్దుటి నుంచి ఆ సైటులో అదే మొదటి నవ్వు.

పెళ్ళలు పరిచాక అవి జారకుండా ఒక్కొక్కదానికి రెండు గూటాలు కొట్టాలి. కొబ్బరి మట్టల్ని నిలువుగా చీల్చి జానెడు గూటాలు చేశారు. వరసలు ఇటుక కట్టుబడిలాగా ఒకదాని అతుకు ఇంకోదాని నడుమకు వచ్చేలా పేర్చాలని చూపించాను. ఒక్కసారి చూపిస్తే చాలింది. పేర్చిన గడ్డి మీద అందరూ చేతులు పట్టుకుని వరసగా తొక్కారు.

"బోడిగుండు చేసి సవరం కడతన్నామే," అంది ముగ్గు వేసిన పిల్ల.

"నువ్వే కదే సవరానికి ముందే పూలు పెట్టేవు," అంది మేస్త్రమ్మ.

మధ్యాహ్నం రెండింటికి చూస్తే మూడు వైపుల గట్టుకే గడ్డి వచ్చింది. తూర్పు వైపు మిగిలిపోయింది. ఆమె వెడల్పు గట్టు అప్పటికి పూర్తిగా బోడిదైపోయింది. ఇంకా కొయ్యమందామంటే కొయ్యడానికి లేదు. తూర్పు వైపు పచ్చి కొబ్బరాకులు అల్లి రెండు పొరలు పరిచి తాళ్ళు కట్టాము. అది నాకు తృప్తిగా లేదు. కొబ్బరాకు వాన దెబ్బను ఆపుతుంది గానీ కింద పారే నీటిని ఆపలేదు. డైరీలో ఆ సాయంత్రం 'తూర్పు గట్టు అనుమానం' అని రాసుకున్నాను.

నాలుగింటికి ఇంజనీరు గారు వచ్చాడు. చుట్టూ ఒకసారి నడిచాడు. ఒక పెళ్ళ మీద బూటుతో నొక్కి చూశాడు. ఈ గడ్డి ఎక్కడిదని అడిగాడు. మేస్త్రమ్మ చేనుదని చెప్పాను. ఆయన ఆమె వైపు చూసి ఏదో అనబోయి, చివరికి థాంక్సండి అన్నాడు. అప్పుడు చెప్పాల్సింది. రెండోసారి కూడా నేను ఊరుకున్నాను. పక్కన కాంట్రాక్టరు గారు లేడు కదా, ఇద్దరూ ఉన్నప్పుడు ఒకేసారి చెబుదామని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. భయానికి అలాంటి పద్ధతైన కారణాలు దొరుకుతూనే ఉంటాయి. ఆరింటికి అందరూ వెళ్ళిపోయారు. ఆ పేజీలో హాజరు ఉంది, పెళ్ళల వరసలున్నాయి, మబ్బు వివరం ఉంది. గట్టు చెక్కమన్నది ఎవరో మాత్రం ఎక్కడా లేదు.

బుధవారం తెల్లవారుజామున సన్నగా మొదలైన వాన ఏడింటికి గట్టిపడింది. నేను చేరేసరికి ఎనిమిదిమందీ గోనెసంచులు కొప్పెరలుగా మడిచి తలమీద కప్పుకుని గట్టు మీద ఉన్నారు. ఎవరూ రమ్మనలేదు. జారిన పెళ్ళను వెనక్కి తోస్తున్నారు, ఊడిన గూటాన్ని రాయితో దిగగొడుతున్నారు. మూడు వైపులా నీళ్ళు తేటగా దిగుతున్నాయి. తూర్పు వైపు కొబ్బరాకుల కిందినుంచి నేను భయపడ్డట్టే ఎర్రనీరు సన్నగా వస్తోంది. మొదటి తొట్టిలో అది చాలామట్టుకు తేరుతోంది గానీ తూము దగ్గర నీళ్ళు పూర్తిగా తేట కాదు. బియ్యం కడిగిన మొదటి నీళ్ళలా ఉన్నాయి.

ఇంజనీరు గారు, కాంట్రాక్టరు గారు గేటు దగ్గర ఎదురుచూస్తుండగా తొమ్మిదిన్నరకు ఆఫీసువాళ్ళ జీపు వచ్చింది. యానాం దగ్గర పంటు మీద గోదారి దాటి వచ్చారు. ఇద్దరు: నెరిసిన జుట్టు అధికారి ఒకాయన, సీసాల పెట్టెతో ఒక మేడమ్ గారు. మేడమ్ గారు తూము దగ్గర కూర్చుని మూడు గాజు సీసాల్లో నీళ్ళు పట్టి, వెలుతురుకు ఎత్తి చూసి, పెట్టెలో పెట్టుకుంది. అధికారి గొడుగు పక్కన పెట్టి గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. ఒక పెళ్ళ అంచు పట్టుకుని మెల్లగా ఎత్తాడు. అది ఊడి చేతిలోకి వచ్చింది. ఎంత జాగ్రత్తగా మళ్ళీ దాని చోట దాన్ని పెట్టాడో నాకు ఇప్పటికీ కళ్ళ ముందుంది.

"ఇది నిన్న వేసిన గడ్డి. ఇంతకుముందున్నది ఏమయింది?"

ఇంజనీరు గారు, పనివాళ్ళు తెలియక, అని మొదలుపెట్టాడు. మేస్త్రమ్మ చేతిలోని రాయి కింద పెట్టి లేచి నిలబడింది. మళ్ళీ తనే చెప్పబోతోందని నాకు తెలిసింది.

"నేను చెక్కించానండి," అన్నాను. "శనివారం నేనే చెప్పాను, గట్లు శుభ్రం చెయ్యమని. గడ్డి ఉంచమని చెప్పలేదు. వీళ్ళు నా మాట ప్రకారమే చేశారు. ఈ గడ్డి ఈమె గేదె మేత. తెచ్చి వేసిందీ వీళ్ళే."

కాంట్రాక్టరు గారు వాన నీళ్ళు ముఖం మీద కారుతున్నా తుడుచుకోకుండా నన్నే చూస్తున్నాడు. అధికారి మేస్త్రమ్మ వైపు తిరిగాడు.

"ఇది వేళ్ళు పట్టడానికి ఎన్నాళ్ళమ్మా?"

"వాన ఇలా ఉంటే వారమండి. తొక్కకుండా చూసుకోవాలి. తూరుపేపు మాత్రం ఆకులు పనికిరావండి, దానికీ గడ్డే వెయ్యాలి."

అది ఆయన అడగలేదు. మాలో ఎవరమూ చెప్పకూడదనుకున్న సంగతి అది. ఇంజనీరు గారు కళ్ళు మూసుకున్నాడు. అధికారి తల ఊపి, పుస్తకం తడవకుండా జీపులో కూర్చుని రాశాడు: తొట్లు సరిగా ఉన్నాయి, గట్ల గడ్డి కొత్తది, తూర్పు గట్టుకు గడ్డి వెయ్యాలి, పదిహేను రోజుల తర్వాత మళ్ళీ చూడాలి. నీళ్ళ ఫలితం తర్వాత పంపుతామన్నారు. వెళ్ళేముందు, ఈ పదిహేను రోజులూ గట్టు ఎవరు చూసుకుంటారని కాంట్రాక్టరు గారిని అడిగాడు. ఆయన ఎనిమిదిమంది వైపు చూసి, "ఇంకెవరండి, వీళ్ళే," అన్నాడు.

జీపు వెళ్ళాక ఆయన నా దగ్గరికి వచ్చాడు. "నిన్న నా ముందు ఎందుకు చెప్పలేదు మీరు? ఆడమనిషి మీద పెట్టేసి ఊరుకున్నారు," అన్నాడు. తొమ్మిది మంది ఎదుట. నిలబడి విన్నాను.

మేస్త్రమ్మ అందుకుంది. "నిన్న చెప్పుంటే మీరిద్దరూ సాయంత్రందాకా వాదించుకుందురండి. గడ్డి ఎవరు మోద్దురు?"

కాంట్రాక్టరు గారికి నవ్వు వచ్చింది, ఆపుకుని జీపు ఎక్కాడు. తూర్పు గట్టుకు గడ్డి లంకల నుంచి తన బండి మీద తెప్పిస్తాననీ, ఆమె గేదెకు కూడా అందులోంచే మేత దించమనీ ఎక్కాక చెప్పాడు.

నేను మేస్త్రమ్మతో తప్పయిందమ్మా అన్నాను. ఆమె దానికి, ఆయ్, అయింది అంది. లేదులెండి అని నా ముఖం కోసం అనలేదు. ఆ నిజాయితీకి నాకు ఆమె మీద గౌరవం ఇంకా పెరిగింది. తర్వాత తలమీద కొప్పెర సర్దుకుని, సైటంతా ఒకసారి నాతో తిరగండి, ఎక్కడ చెక్కాలో ఎక్కడ చెక్కకూడదో ఒక్కొక్క చోటా నాకు చూపించండి, అప్పుడు మీరు ఎక్కడికెళ్ళినా ఇబ్బంది ఉండదు అంది.

వాన తగ్గింది. ఇద్దరం గేటు దగ్గర్నుంచి బయలుదేరాము. కాలువ గట్టు దగ్గర ఆగి ఇది చెక్కకూడదు అన్నాను. తొట్టి చుట్టూ చెక్కకూడదు. మెరక వాలు అసలే చెక్కకూడదు. ఒక్కొక్కచోట ఆమె ఆగి, తల ఊపి, ముందుకు నడిచింది. సిమెంటు పాక మెట్ల దగ్గరికి వచ్చేసరికి మోకాలెత్తు పిచ్చిగడ్డి ఉంది.

"ఇదండి?"

"ఇది చెక్కచ్చు."

ఆమె వెనక్కి తిరిగి, పార పట్టుకు రమ్మని ఇద్దరిని కేకేసింది.